ఆస్థానంలో చరిత్రకారుడు: గురజాడ అప్పారావు

ఆస్థాన ఉద్యోగం చరిత్రకారుడికి ఆధారాలను అందుబాటులోకి తెస్తుంది. అతని సమయాన్ని మాత్రం తన అవసరాలకు వాడుకుంటుంది. చైనాలో హాన్ వంశపు చక్రవర్తి వూ కొలువులోని సిమా చియాన్ రాజాగ్రహానికి గురై, కఠిన శిక్ష అనుభవించి కూడా తన చరిత్ర గ్రంథాన్ని పూర్తిచేశాడు. అప్పటి విశాఖపట్నం జిల్లాలోని విజయనగర సంస్థానంలో కొలువుకూ చరిత్ర రచనకూ ఉన్న సంబంధం మరో రూపంలో కనిపిస్తుంది.

గురజాడ అప్పారావు (1862-1915) ఆనంద గజపతి మహారాజు ఆస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేశారు. జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితాను మహారాజు తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1,034. ఈ సంఖ్యను గురజాడ 'కన్యాశుల్కం' తొలి ముద్రణ (1897) పీఠికలో నమోదు చేశారు.

అదే ఏడాది మహారాజు మరణించారు. సంస్థానం వారసత్వ వివాదంలో చిక్కుకుంది. రీవా మహారాణి అప్పల కొండయాంబ ఆంతరంగిక కార్యదర్శిగా గురజాడ ఆ వ్యాజ్యం పనులు కూడా చూడవలసివచ్చింది. కళింగ చరిత్ర రాయాలన్న ఆయన సంకల్పం పూర్తి గ్రంథంగా రూపొందలేదు.

కాబట్టి ఆస్థాన పండితుల రచనలను చదివేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి: కొలువు వారికి ఏ ఆధారాలను ఇచ్చింది? వారి నుంచి ఏమి తీసుకుంది?