తడి చేతుల కోసం ఒక యాప్: ఇండోర్ ఫామ్ వర్కర్లకి డిజైన్ ఎలా చేయాలి?

సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ డబ్బాల్లో లెట్యూస్ చూసే ఉంటారు. బర్గర్‌లో పెట్టే ఆకు అదే. అందులో కొంత పొలంలో కాదు, నాలుగు గోడల మధ్య పెరుగుతుంది. అలా పెంచే ఇండోర్ ఫామ్‌లలో పనిచేసేవాళ్లకి మొబైల్ యాప్ ఎలా డిజైన్ చేయాలి? ఈ ఎపిసోడ్ దాని గురించే.

నేను యాప్ డిజైనర్‌ని. హైదరాబాద్ శివార్లలోని ఒక ఇండోర్ ఫామ్‌కి యాప్ చేసిన టీమ్‌లో కొన్ని నెలలు పనిచేశాను. అక్కడ చూసినవే చెప్తాను.

ముందు అక్కడి పని ఏంటో తెలియాలి. మట్టి ఉండదు, ఎండ ఉండదు. అరల మీద అరలు, పైన ఎల్‌ఈడీ లైట్లు, పైపుల్లో పోషకాలు కలిపిన నీళ్లు. వేర్లు ఆ నీళ్లలోనే ఉంటాయి. వర్కర్లు విత్తనాలు పెడతారు, నారు మారుస్తారు, ఆకు కోస్తారు. వీటితో పాటు రోజూ ప్రతి ట్యాంకులో రెండు అంకెలు చూస్తారు. ఒకటి పీహెచ్, అంటే నీళ్లు ఎంత ఆమ్లంగా ఉన్నాయో చెప్పేది. రెండోది ఈసీ, అంటే నీళ్లలో పోషకాలు ఎంత కరిగి ఉన్నాయో చెప్పేది.

ఆకుకూరలకి పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది. బాగా పెరిగిపోతే నీళ్లలో ఇనుము ఉన్నా మొక్క సరిగ్గా తీసుకోలేదు, లేత ఆకులు పసుపుపచ్చగా మారతాయి. ఇప్పుడు ఒకళ్లు 5.8 కొట్టబోతే అంకెలు తారుమారై 8.5 పడిందనుకోండి. తర్వాతి షిఫ్ట్ వాళ్లు అది చూసి యాసిడ్ పోస్తారు. చక్కగా ఉన్న ట్యాంకు కాస్తా పాడవుతుంది. ఆ నీళ్లు ఎన్నో మొక్కలకి వెళ్తాయి. పంట పోతే మాట పడేది ఎవరు? వర్కరే కదా!

మరి 8.5 అని కొడితే యాప్ తీసుకోకుండా ఆపేస్తే సరిపోతుందా? సరిపోదు. మీటర్ నిజంగానే 8.5 చూపిస్తుండొచ్చు. యాప్ ఒప్పుకోకపోతే పని ముందుకెళ్లాలని 6 కొట్టేస్తారు. అందుకే మా యాప్ ఏ అంకెనైనా తీసుకుంటుంది. తీసుకున్నాక పక్కన నిన్నటి అంకె చూపించి, "మీటర్ కడిగి ఇంకోసారి చూడండి" అంటుంది. నిన్నటి అంకె ముందే చూపిస్తే దాన్నే కొట్టేయాలనిపిస్తుంది. అందుకే తర్వాత చూపిస్తాం.

ఇక చేతుల సంగతి. మన ఫోన్ స్క్రీన్ వేలిలోని విద్యుత్ వాహకతని బట్టి టచ్‌ని గుర్తిస్తుంది. రబ్బరు గ్లవ్ అడ్డొస్తే టచ్ సరిగ్గా పడదు. నీటి చుక్క పడితే ముట్టుకోకుండానే టచ్ పడొచ్చు. ఆండ్రాయిడ్ డిజైన్ గైడ్ ప్రకారం బటన్ కనీసం 48 డీపీ, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలి. అది పొడి వేలి లెక్క. మేం దాదాపు రెట్టింపు పెట్టాం. స్క్రీన్‌కి రెండు మూడు బటన్లే, స్వైప్‌లు లేవు.

తర్వాత లైటు. చాలా ఫామ్‌లలో ఎరుపు, నీలం ఎల్‌ఈడీలు కలిపి వాడతారు, ఎందుకంటే ఆకులోని పత్రహరితం ఆ రంగుల్ని బాగా పీల్చుకుంటుంది. గదంతా వంగపండు రంగులో ఉంటుంది. అందులో ఆకు పసుపుపచ్చగా మారిందో లేదో కంటికీ తెలియదు, కెమెరాకీ తెలియదు. అందుకే ఫొటో తీసేముందు "తెల్ల లైటు వేయండి" అని యాప్ గుర్తుచేస్తుంది. బాగుందా, బాగాలేదా అన్నది కూడా ఒక్క రంగుతో చెప్పకూడదు. పక్కన గుర్తు ఉండాలి, మాట ఉండాలి.

నెట్‌వర్క్ మాటకొస్తే, చల్లదనం బయటికి పోకుండా గోడలకి రేకు ప్యానెళ్లు వేస్తారు. లోపల సిగ్నల్ సరిగ్గా రాదు. కాబట్టి ఏది రాసినా ముందు ఫోన్‌లోనే సేవ్ అవ్వాలి. వాట్సాప్ టిక్‌లు అందరికీ తెలిసినవే కాబట్టి అదే పద్ధతి తీసుకున్నాం. ఒక టిక్ అంటే ఫోన్‌లో ఉంది, రెండు టిక్‌లంటే ఆఫీసుకి చేరింది. ఒకే ట్యాంకుకి ఇద్దరు రాస్తే ఒకటి చెరిపేయం, టైముతో సహా రెండూ ఉంచుతాం.

ఇప్పుడు భాష. "ట్యాంకులో మందు వేయండి" అని రాస్తే అర్థం ఏంటి? మన ఊళ్లలో ఎరువునీ మందే అంటారు, పురుగుమందునీ మందే అంటారు. యాప్‌లో ఆ మాట పెడితే ప్రమాదం. అందుకే ఎక్కడా వాడలేదు. డబ్బా ఫొటో పెట్టి, దాని మీదున్న పేరే రాశాం: ఏ డబ్బా, బీ డబ్బా. ఆ రెండు చిక్కటి ద్రావణాలూ నేరుగా కలిస్తే ఏలోని కాల్షియం, బీలోని సల్ఫేట్, ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా గడ్డకట్టి అడుక్కి చేరుతుంది. మొక్కకి అందదు. అందుకే యాప్ ముందు ఏ కలపమని చెప్పి, అది నీళ్లలో బాగా కలిశాకే బీ చూపిస్తుంది. యాసిడ్ దగ్గర బొమ్మతో పాటు గొంతు కూడా వినిపిస్తుంది: "యాసిడ్‌ని నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో కాదు." చదవడం రానివాళ్లు ఉంటారు, హిందీ, ఒడియా మాట్లాడేవాళ్లూ ఉంటారు. అందుకే మూడు భాషల్లో రికార్డ్ చేశాం.

తెలుగులో ఇంకో చిక్కుంది. ఇంగ్లీష్ అక్షరాల ఎత్తుకి బటన్ చేస్తే మన ఒత్తులు కింద తెగిపోతాయి. తెలుగు పెట్టి చూశాకే బటన్ సైజు ఖాయం చేయాలి.

చివరిగా అసలు విషయం. ఎవరు ఎంత వేగంగా ట్యాంకులు చెక్ చేశారో ర్యాంకులు చూపించమని మేనేజ్‌మెంట్ అడిగింది. వర్కర్లనే అడిగాం. ర్యాంకులు పెడితే మీటర్ ముంచకుండానే అంకె కొట్టేస్తామని ఒక అక్క మొహమాటం లేకుండా చెప్పింది. నూటికి నూరుపాళ్లు నిజం! మేం ఆ స్క్రీన్ పెట్టలేదు. తిట్లు పడతాయని తెలిస్తే ఎవరూ నిజం రాయరు. నిజం రాయని యాప్ ఎంత అందంగా ఉన్నా దండగే.

ఇంకొకటి. మొక్కలు బాగా పెరగాలని కొన్ని గదుల్లో కార్బన్ డయాక్సైడ్ పెంచుతారు. బయటి గాలిలో అది సుమారు 420 పీపీఎం ఉంటుంది, ఈ గదుల్లో 1000 దాకా ఉంచుతారు. 8 గంటల పనికి చాలా దేశాల్లో పెట్టిన హద్దు 5000. సిలిండర్ లీకైతే అలారం ముందు ఎవరికి మోగాలి? ఆఫీసులో మేనేజర్‌కా? కాదు, ఆ గదిలో ఉన్నవాళ్లకి. గదిలో సైరన్, ఫోన్‌లో వైబ్రేషన్, వాళ్ల భాషలో "బయటికి రండి" అన్న గొంతు. మేనేజర్‌కి కూడా వెళ్తుంది, కానీ ముందు వీళ్లకి. యాప్ ఎవరి కోసమో తెలిసేది అక్కడే.

మీరూ ఒక పని చేయండి. వంటింటి గ్లవ్ తొడుక్కుని, చెయ్యి తడిపి, డేటా ఆఫ్ చేసి, తెలుగు పెట్టుకుని, మీరు రోజూ వాడే యాప్ ఒకటి ఓపెన్ చేయండి. ఎక్కడ ఆగిపోయారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి!