చేతిలోని పటము, కాలిక్రింది రాయి

ఆత్మకూరు నుండి దోర్నాల బాట పట్టినవారికి తూర్పున నల్లమల కొండలు అడ్డుగోడవలె కనిపించును. పడమట మెట్టచేలు పరచుకొని యుండును. ఎత్తుననున్న రాయి పైపొర గనుక అది తరువాతిదనియు, పల్లమునందలిది పాతదనియు మనము తలంతుము. నిజము ఇందుకు తలక్రిందులు. నల్లమల రాళ్ళు కడప వర్గమునకు చెందిన ప్రాచీన శిలలు. పడమటి మైదానములోని సున్నపురాళ్ళు, పలకరాళ్ళు వానికి తరువాత పేరుకొనిన కర్నూలు వర్గమువి.

విలియం కింగ్ ఈ రెండు వర్గములను గూర్చి వ్రాసిన గ్రంథమును భారత భూగర్భ సర్వే 1872లో ప్రకటించెను. చిరకాలము ఇట్టి విజ్ఞానము గ్రంథాలయములకే పరిమితమై యుండెను. నేడు ఆ సంస్థవారి 'భూకోశ్' పటములను ఇంటనుండియే చూడవచ్చును. ఇస్రోవారి 'భువన్' 2009 నుండి ఉపగ్రహచిత్రములను చూపుచున్నది.

ఈ పటములు పొరలుగా నుండును. అడుగున ఉపగ్రహచిత్రము, దానిపై శిలాజాతులను తెలుపు రంగులు, ఆపైన బాటలు, గ్రామములు. చేతిలోని ఫోను ఉపగ్రహ సంకేతములను గ్రహించి, మనము నిలిచిన చోటును చుక్కగా చూపును. ఆ చుక్కకు దిగువనున్న రంగే మన కాలిక్రింది రాయి.

ఇది వట్టి వేడుక కాదు. బేతంచెర్ల ప్రాంతపు నాపరాయి మన యిండ్లకు నేల, వేలమందికి కూడు. ఆ సీమ సున్నపురాళ్ళయందే బిల్లసర్గం గుహలు కలవు. అచట 1880 దశకములో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు ప్రాచీన జంతువుల యెముకలను త్రవ్వి తీసిరి. 3,229 మీటర్ల బెలుం గుహలును సున్నపురాతిలో నీరు తొలిచినవే. రాయి తీయవలదనుట న్యాయము కాదు. తీసిన పిమ్మట గుహను మరల కట్టుటయు సాధ్యము కాదు. ఏది తీయదగినదో, ఏది నిలుపదగినదో ముందే పటముపై గుర్తించుటయే మార్గము. తిరుమల శిలాతోరణము, మంగంపేట ముగ్గురాయి పొరలు జాతీయ భూగర్భ స్మారకములుగా గుర్తింపు పొందినవి. గుర్తింపు లేనివానికి ఊరివారి యెరుకయే కాపు.

పాఠశాలల వారికి మా మనవి యొకటి. పిల్లలను ఊరి గుట్టకు తీసికొనిపోయి, గొఱ్ఱెల కాపరులను అడిగి, ఆ చోటి తెలుగు పేరును పటమున చేర్పింపుడు. అయితే ఎముకలు, శిలాజములు దొరకు తావులను మాత్రము బహిరంగముగా గుర్తింపక భూగర్భ సర్వేవారికి తెలుపుడు. దారి చూపు చుక్కయే దొంగకును దారి చూపును.