మదీనా నల్లరాళ్లు, హైదరాబాదు బండలు



మన ముషీరాబాద్, చిక్కడపల్లి ప్రాంతాల నుండి హజ్, ఉమ్రాలకు వెళ్ళివచ్చినవారు మదీనా చుట్టూ విస్తరించి ఉన్న నల్లని రాతి నేలలను చూసే ఉంటారు. అరబ్బులు వాటిని 'హర్రా' అంటారు. అవి ఎండకు నల్లబడిన రాళ్లు కావు. భూగర్భం నుండి పొంగి వచ్చి చల్లారిన లావా.

హిజ్రీ 654 (క్రీ.శ. 1256) జుమాదల్ ఆఖిరాలో మదీనా నేల కొన్ని దినాల పాటు కంపించింది. ప్రజలు భయపడి మస్జిదె నబవీలో గుమిగూడి క్షమాపణ వేడుకున్నారు. పిమ్మట నగరానికి ఆగ్నేయంగా భూమి చీలి అగ్ని ఎగసింది. 52 దినాల పాటు పారిన లావా సుమారు 23 కిలోమీటర్లు సాగింది, కాని నగరంలోనికి రాలేదు. డమాస్కస్‌లో ఉన్న చరిత్రకారుడు అబూ షామా మదీనా నుండి వచ్చిన లేఖల ఆధారంగా ఈ వృత్తాంతాన్ని గ్రంథస్థం చేశారు. హిజాజ్ నుండి ఒక అగ్ని వెలువడుతుందని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆ కాలంలోనే జీవించిన ఇమామ్ నవవీ (రహ్మ) తన వ్యాఖ్యానంలో ఈ సంఘటనను ప్రస్తావించారు.

మరి ఏడున్నర శతాబ్దాలుగా మౌనంగా ఉన్న ఆ నేల మరణించినట్లేనా? కాదు. శాస్త్రజ్ఞులు అగ్నిపర్వతాలను స్థూలంగా మూడు విధాలుగా చెబుతారు. ఇప్పుడు రగులుతున్నవి, లేదా గత పదివేల సంవత్సరాలకు పైబడిన కాలంలో రగిలి మళ్ళీ రగలగలిగినవి క్రియాశీలమైనవి. వీటిలో దీర్ఘకాలంగా మౌనం వహించిన వాటిని నిద్రాణమైనవి అంటారు. క్రింద శిలాద్రవం సరఫరా పూర్తిగా ఆగిపోయినవి విలుప్తమైనవి. అందుచేత పైకి కనబడే నిశ్శబ్దం గుర్తు కానేరదు. లోపల శిలాద్రవం ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న. పొగ లేదు కాబట్టి భయం లేదనుకోవడం ప్రమాదకరం.

దీనికి అండమాన్ దీవులలో మంచి నిదర్శనం ఉంది. తెలుగువారు ఎందరో స్థిరపడిన పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో బారెన్ ద్వీపం ఉంది. ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రించిన ఆ పర్వతం 1991లో మేల్కొన్నది. ఆ తరువాత కూడా పలుమార్లు రగిలింది. అక్కడ జనావాసం లేకపోవడం అల్లాహ్ అనుగ్రహం.

జనావాసం ఉన్నచోట ముందుగా పసిగట్టడం ప్రాణావసరం. శిలాద్రవం పైకి వస్తున్నప్పుడు చిన్న చిన్న కంపనాలు వరుసగా వస్తాయి, నేల ఉబ్బుతుంది, గంధక వాయువులు హెచ్చుతాయి. 2009లో మదీనాకు వాయవ్యంగా ఉన్న హర్రత్ లునయ్యిర్‌లో వేలకొలది కంపనాలు నమోదయ్యాయి, నేల కిలోమీటర్ల పొడవున చీలింది. సౌదీ ప్రభుత్వం ముప్పై వేలమందికి పైగా ప్రజలను తరలించింది. శిలాద్రవం మార్గమధ్యంలోనే నిలిచిపోయింది. లావా రాలేదు గనుక ఆ తరలింపు వృథా అయిందని మేము అనుకోము. లునయ్యిర్ నిద్రలో ఉన్నదే గాని చావలేదని అప్పుడే రుజువైంది.

ఇక మన సంగతి. వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల నుండి మహారాష్ట్ర వైపు పరచుకున్న నల్లరాయి, దానిపై ఏర్పడిన నల్లరేగడి సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రిందటి లావా ఫలితమే. అది ఎత్తైన శిఖరం నుండి గాక భూమి చీలికల గుండా పొంగింది. ఆ చీలికలు విలుప్తమైనవి. హైదరాబాదు బండలు వేరు. మక్కా మసీదుకు వాడిన గ్రానైట్ భూమి లోతున నిదానంగా గడ్డకట్టిన శిల. దాని వయస్సు 250 కోట్ల సంవత్సరాల మేర ఉంటుంది. అది ఏ పర్వతం నుండీ ఎగసిపడినది కాదు.

2020 అక్టోబరులో బోరబండలో నేల అడుగు నుండి శబ్దాలు వినబడినప్పుడు ప్రజలు రాత్రివేళ వీధుల్లోకి వచ్చారు. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడ పరికరాలు అమర్చి పరిశీలించారు. నమోదైనవి అతి స్వల్ప కంపనాలు. గట్టి వర్షాల తరువాత గ్రానైట్ పగుళ్లలోకి నీరు దిగినప్పుడు ఇటువంటివి రావచ్చు. వాటికీ అగ్నిపర్వతానికీ సంబంధం లేదు.