దాపరికం కాదు, దిద్దుబాటు

ఇటీవల ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. ఆయన కుమారుడు అమెరికాలో స్థిరపడి, అక్కడి పౌరసత్వం పొందాడు. రక్షణ శాఖ పనులు చేసే ఒక సంస్థలో ఉద్యోగం వచ్చే అవకాశముంది. అయితే ప్రభుత్వ రహస్యాలను చూడవలసిన ఉద్యోగం గనుక సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే భద్రతా అనుమతి, తప్పనిసరి. ఆ యువకుడు ఆరేళ్ళ క్రితం మద్యం సేవించి కారు నడుపుతూ పట్టుబడ్డాడు. కోర్టులో కేసు కూడా నడిచింది.

"మౌలానా సాహెబ్! చేసిన పాపాన్ని చాటుకోకూడదు కదా! దరఖాస్తులో ఆ సంగతి రాయవద్దని మావాడికి చెప్పాను. సబబేనా?" అని ఆయన అడిగారు.

జవాబు చెప్పే ముందు ఆ దేశపు నిబంధనలను తెలుసుకోవడం అవసరం. ఈ అనుమతి కోసం అక్కడి ప్రభుత్వం ఒక వ్యక్తిని 13 అంశాలలో పరిశీలిస్తుంది. 2017 జూన్ 8న అమలులోకి వచ్చిన ఆ మార్గదర్శకాలలో 'జి' అనే అంశం మద్యానికి సంబంధించినది. మితిమీరి తాగేవాని వివేకం సన్నగిల్లుతుంది, నిగ్రహం సడలుతుంది. అటువంటివాని చేతిలో రహస్యాలు భద్రమేనా అన్నదే వారి సందేహం.

మద్యం ముట్టడమే అక్కడ అనర్హత కాదు. తాగి వాహనం నడపడం, కొట్లాటకు దిగడం, ఇంటివారిపై చేయి చేసుకోవడం, మత్తులో పనికి రావడం, అతిగా తాగడం, మద్య వ్యసనమని వైద్యులు నిర్ధారించడం, చికిత్స సలహాను లేదా కోర్టు ఉత్తర్వును పెడచెవిన పెట్టడం వంటివి లెక్కలోకి వస్తాయి. అయితే తలుపులు పూర్తిగా మూసుకుపోవు. సంఘటన జరిగి చాలాకాలమైందా, ఆ వ్యక్తి తన సమస్యను ఒప్పుకున్నాడా, చికిత్స పొందాడా, ఆ తరువాత నిలకడగా మారాడా అన్నవి కూడా చూస్తారు. మనిషి జీవితాన్ని మొత్తంగా తూచి నిర్ణయిస్తారు. అయినా సందేహం మిగిలితే దేశ భద్రత వైపే మొగ్గుతారు.

దాపరికం సంగతి వేరు. ఎస్‌ఎఫ్ 86 అనే దరఖాస్తు పత్రం, మద్యానికి సంబంధించిన నేరారోపణ జీవితంలో ఎప్పుడైనా ఎదుర్కొన్నారా అని సూటిగా అడుగుతుంది. పోలీసు, కోర్టు దస్త్రాలను అధికారులు పరిశీలిస్తారు. తెలిసి అబద్ధం రాస్తే అది నిజాయితీకి సంబంధించిన 'ఇ' అంశం కింద మరో అభ్యంతరమవుతుంది. పైగా అది ఐదేళ్ళ వరకు జైలు శిక్షకు తగిన నేరం. కాలం గడిచి మాసిపోగల పాత తప్పును దాచబోయి, ఈ రోజే కొత్త తప్పు చేసినట్లవుతుంది.

ఆ తండ్రికి మేము ఇలా చెప్పాము: "పాపాన్ని నలుగురిలో చాటుకోరాదన్నది నిజమే. కాని చాటుకోవడం వేరు, అడిగిన ప్రశ్నకు సంతకం పెట్టి అబద్ధం చెప్పడం వేరు. రహస్యాలను కాపాడే ఉద్యోగం ఒక అమానతు. అమానతును అబద్ధంతో స్వీకరించడం ఎలా ధర్మమవుతుంది?"

మాయిదా అధ్యాయపు 90వ వచనం మద్యాన్ని నిషేధించిందని మన పిల్లలందరికీ తెలుసు. అయినా జారిపడేవారుంటారు. పాపాన్ని విడనాడటం, మనసారా సిగ్గుపడటం, మళ్ళీ చేయనని గట్టిగా నిశ్చయించుకోవడం తౌబాకు షరతులు. ఇవి నెరవేర్చినవాడు ఏ అధికారి ముందైనా నిజం చెప్పగలడు.

తల్లిదండ్రులారా! బిడ్డ తాగుతున్నాడని తెలిసినప్పుడు పరువు పోతుందని కప్పిపుచ్చకండి. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి, వెంట నిలవండి. చికిత్స పొందిన దాఖలా ఎవరికీ కళంకం కాదు. రేపు అదే అతని తరఫున సాక్ష్యం పలుకవచ్చు.

అంతా విన్న ఆ తండ్రి కాసేపు మౌనంగా కూర్చున్నారు. తరువాత, "జరిగింది జరిగినట్లే రాయమని ఈ రాత్రే మావాడికి ఫోన్ చేస్తాను" అని సెలవు తీసుకున్నారు. ఉద్యోగం వస్తుందో రాదో అల్లాహ్‌కే ఎరుక. ఆ ఇంట ఒక అబద్ధం మాత్రం తప్పింది.