అమెరికాలో డిగ్రీ: శిరివెళ్ల ఇంటి లెక్క

2024–25 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. ‘ఓపెన్ డోర్స్’ పేరుతో ఏటా వచ్చే నివేదిక చెప్పిన లెక్క ఇది. వీళ్లలో 1,77,892 మంది ఎంఎస్, పీహెచ్‌డీ లాంటి పై చదువుల్లో ఉన్నారు. మరో 1,43,740 మంది చదువు ముగించుకుని ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద ఉద్యోగాల్లో ఉన్నారు. డిగ్రీ చదువుతున్నవాళ్లు 40,135 మందే. తొమ్మిది మందిలో ఒక్కరన్నమాట.

నంద్యాల–ఆళ్లగడ్డ దారిలో ఉన్న శిరివెళ్లలోనైనా, అటు చాగలమర్రిలోనైనా ‘మావాడు అమెరికాలో ఉన్నాడు’ అంటే ఎంఎస్‌కు పోయాడనే అర్థం. సత్య నాదెళ్ల 1988లో వెళ్లిందీ ఎంఎస్‌కే. ఆ దారి అందరికీ అలవాటైపోయింది. ఎంతవుతుందో, అప్పు ఎక్కడ పుడుతుందో, ఎన్నేళ్లకు తీరుతుందో చెప్పేవాళ్లు వీధికొకరున్నారు. ఇంటర్ కాగానే పోయే దారిలో ఈ లెక్కలేవీ పనికిరావు. ఎంఎస్ రెండేళ్లు, డిగ్రీ నాలుగేళ్లు. ఎంఎస్‌కు అప్పు చేసేది బీటెక్ పట్టా చేతిలో ఉన్నవాడు, డిగ్రీకి పదిహేడేళ్ల పిల్ల తరఫున తండ్రి.

ముందు ధర చూద్దాం. అమెరికాలో కాలేజీల ఖర్చును ఏటా లెక్కగట్టే కాలేజ్ బోర్డు ప్రకారం 2024–25లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో బయటి రాష్ట్రాల విద్యార్థికి ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు అన్నీ కలిపి సగటున ఏడాదికి 49,080 డాలర్లు. విదేశీ విద్యార్థిని సాధారణంగా ఈ పద్దులోనే వేస్తారు. సొంత రాష్ట్రం పిల్లలకైతే అదే చదువు 29,910 డాలర్లు. ప్రైవేటు కాలేజీల్లో 62,990. డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే బయటివాళ్లకు ప్రభుత్వ యూనివర్సిటీ ఏడాదికి రూ.44 లక్షలు, నాలుగేళ్లకు సుమారు కోటి డెబ్బై ఏడు లక్షలు. ప్రైవేటులో రెండు కోట్ల ఇరవై ఏడు లక్షలు. ఏటేటా పెరిగే ఫీజు ఇందులో లేదు.

రూపాయి సంగతీ లేదు. 2021 ఆగస్టులో డాలరు దాదాపు రూ.74. 2025 జనవరికి రూ.86 దాటింది. ఏడాదికి 30,000 డాలర్లు కట్టాల్సిన ఇల్లు మొదటి ఏడు రూ.22.2 లక్షలు పంపితే, నాలుగో ఏడు అదే చదువుకు రూ.25.8 లక్షలు పంపాల్సి వచ్చింది. కాలేజీ ఒక్క డాలరు పెంచకపోయినా మూడున్నర లక్షలు అదనం. నాలుగేళ్ల చదువుకు ఈ దెబ్బ రెండేళ్ల చదువు కంటే గట్టిగా తగులుతుంది. ఎంఎస్ లెక్కకు అలవాటుపడినవాళ్లు దీన్ని తక్కువగా అంచనా వేస్తారు.

ఇదంతా చదివి పేపరు పక్కన పడేసేవాళ్లు ఆగాల్సింది ఇక్కడే. పైన చెప్పింది బోర్డు మీద రాసిన ధర. అందరూ అంత కట్టరు. కొన్ని కాలేజీల్లో ఆ ధరకూ, ఒక కుటుంబం కట్టే సొమ్ముకూ పొంతనే ఉండదు.

హార్వర్డ్‌లో 2025–26కు మొత్తం ఖర్చు 86,926 డాలర్లు, ఏడాదికి రూ.78 లక్షలు. అయినా కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష డాలర్ల లోపుంటే, ఆస్తులు మరీ ఎక్కువ లేకపోతే, ఫీజూ వసతీ భోజనమూ అంతా హార్వర్డే భరిస్తుంది. విదేశీ విద్యార్థికీ ఇదే నియమం. డబ్బు అడిగారన్న కారణంతో దరఖాస్తును పక్కన పెట్టకుండా, సీటిచ్చాక అవసరమైనంతా తామే సర్దే కాలేజీలు విదేశీయుల విషయంలో పది దాకా ఉన్నాయి: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్, బ్రౌన్, నోటర్ డామ్, వాషింగ్టన్ అండ్ లీ. డబ్బు అవసరాన్ని చూడకుండా సీటివ్వడాన్ని ‘నీడ్ బ్లైండ్’ అంటారు. అయితే అక్కడ సీటు దొరకడం ఎంత కష్టమో చూడండి: 2024లో హార్వర్డ్‌కు దరఖాస్తు చేసినవాళ్లు 54,008, సీటు వచ్చినవాళ్లు 1,937. నూటికి నలుగురు కూడా కాదు. ఈ పది పేర్లే రాసుకుని కూర్చోవడం లాటరీ టికెట్టు మీద పెళ్లి ముహూర్తం పెట్టుకోవడమే.

మిగతా కాలేజీల్లో చాలావరకు విదేశీ విద్యార్థి డబ్బు అడిగితే సీటు అవకాశం తగ్గుతుంది. ‘ముందు సీటు సంపాదిద్దాం, సాయం తర్వాత అడుగుదాం’ అనుకుంటే, మొదటి ఏడు అడగనివాళ్లకు తర్వాత అసలే ఇవ్వమనే కాలేజీలు తక్కువేం కాదు. మరి ఎవరు ఇస్తారో, ఎంతిస్తారో తెలిసేదెలా? ర్యాంకులు దీన్ని చెప్పవు. చెప్పే కాగితం వేరే ఉంది. అమెరికా కాలేజీలు చాలావరకు ‘కామన్ డేటా సెట్’ అనే పత్రాన్ని ఏటా సొంతంగా బయటపెడతాయి. కాలేజీ పేరు పక్కన ఆ మూడు మాటలు కొట్టి వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో హెచ్6 అనే గడిలో విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి కాలేజీ సాయం అందింది, సగటున ఎంత అందింది అన్నవి ఉంటాయి. మొత్తం విదేశీ విద్యార్థులెందరో బీ2 గడిలో ఉంటుంది.

లెక్క కోసం రెండు ఊహా కాలేజీలు వేసుకుందాం. ధర రెండింటిలోనూ 62,990 డాలర్లే. మొదటిదానిలో విదేశీ విద్యార్థులు 400, సాయం అందినవాళ్లు 120, సగటు 30,000 డాలర్లు. రెండోదానిలో ఉన్నది 150 మందే, సాయం అందింది 130 మందికి, సగటు 52,000. మొదటిచోట పదిమందిలో ముగ్గురికే సాయం, వాళ్లూ ఏడాదికి రూ.30 లక్షల దాకా చేతి నుంచి పెట్టాలి. రెండోచోట దాదాపు అందరికీ సాయం, కట్టాల్సింది రూ.10 లక్షల లోపు. మనవైపు పేరు విన్నది మొదటిదే అయి ఉండొచ్చు. ఐదు నిమిషాల పని ఇది. దీన్ని చేయకుండా ఒక్కో దరఖాస్తుకు 75 డాలర్లు కట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఆ పది లక్షలైనా ఎక్కడి నుంచి? కేసీ కాలువ కింద ఐదెకరాలున్న రైతు ‘భూమి ఉంది కదా’ అనుకుంటాడు. బ్యాంకు అలా అనుకోదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని తన పరిధి నుంచి తప్పించింది. అప్పు మొండికేస్తే కోర్టు మెట్లెక్కకుండా ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు ఆ భూమి మీద బ్యాంకుకు లేదు. అందుకే పెద్ద విద్యారుణానికి ఇల్లో, టౌన్‌లో ప్లాటో, ఫిక్స్‌డ్ డిపాజిటో అడుగుతారు. కోటి రూపాయల మాగాణి ఉన్నవాడికంటే నంద్యాలలో చిన్న డాబా ఉన్న గుమాస్తాకు అప్పు తేలిగ్గా పుట్టడానికి కారణం ఇదే. ప్రభుత్వ పథకాల మీదా పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్, పీహెచ్‌డీలకే. తెలంగాణలో రూ.20 లక్షలిచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధీ పీజీకే.

సాయం అడిగితే చాలా ప్రైవేటు కాలేజీలు ‘సీఎస్ఎస్ ప్రొఫైల్’ అనే ఫారం నింపమంటాయి. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. తల్లిదండ్రుల ఆదాయం, భూమి, ఇల్లు, అప్పులు, పొదుపు అన్నీ అడుగుతుంది. ఐటీ రిటర్నులు లేని రైతు ఇంట్లో ఉండేది తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువీకరణ పత్రం, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుబుక్కు. ఇక్కడే ఒక చిక్కు. రేషన్ కార్డు కోసం, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం రాయించుకున్న ఆదాయం లక్షకు అటూ ఇటూ. వీసా కోసం అప్పు తెచ్చి పది రోజులు ఖాతాలో నిలబెట్టిన సొమ్ము నలభై లక్షలు. ఒకే ఇంటికి రెండు లెక్కలు! సాయం అడిగేటప్పుడు ఈ రెండో నాటకం అక్కర్లేదు. నిజంగా ఉన్నది ఉన్నట్టు చూపించినవాళ్లకే ఆ పద్ధతి పనిచేస్తుంది.

ఇక దరఖాస్తు. వెయ్యికి పైగా కాలేజీలు ‘కామన్ యాప్’ ద్వారా తీసుకుంటాయి. ఒక విద్యార్థి గరిష్ఠంగా 20 కాలేజీలు పెట్టుకోవచ్చు. 650 పదాల వ్యాసం ఒకటి, చదువు బయట చేసిన పనులు పది. ఒక్కో పని వివరానికి 150 ఇంగ్లిష్ అక్షరాలే చోటు. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో వీకెండ్ టెస్టులతో గడిపిన పిల్ల ఈ పది గడులు చూసి బెంబేలెత్తుతుంది. డిబేట్లు, రోబోటిక్స్ క్లబ్బులు లేవు మరి. కానీ అదే జాబితాలో కుటుంబ బాధ్యతలు, జీతానికి చేసిన పని అనే వర్గాలూ ఉన్నాయి. సెలవుల్లో నాన్న ఎరువుల అంగడిలో అప్పు పుస్తకం రాయడం, వడ్లు తూకమేసేటప్పుడు బస్తాల లెక్క చూడటం, తమ్ముడికి చదువు చెప్పడం అక్కడ రాయదగినవే. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని కూడా అడుగుతారు. దాచుకోవాల్సిన పనులు కావివి.

మార్కుల దగ్గర మనవాళ్లు తడబడేది తొమ్మిదో తరగతి. అక్కడి హైస్కూలంటే 9 నుంచి 12 దాకా నాలుగేళ్లు, కాబట్టి నాలుగేళ్ల మార్కులూ కావాలంటారు. పది మెమో ఉంటుంది, ఇంటర్ మెమో ఉంటుంది. తొమ్మిది మాత్రం జడ్పీ హైస్కూల్ బీరువాలోని మార్కుల రిజిస్టరులో ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలుగా ఉండిపోతుంది. హెడ్‌మాస్టర్‌గారి దగ్గరికి వెళ్లి ‘సార్, లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేసి సీలు వేసివ్వండి’ అని ఆగస్టులోనే అడగాలి. ఇంటర్ రెండో ఏడాది ఫలితాలు ఏప్రిల్‌లో గానీ రావు, ఈలోగా కాలేజీల నిర్ణయాలు అయిపోతాయి. అందుకే ఇంటర్ మొదటి ఏడాది ఎన్ని మార్కులు వచ్చాయన్నదే బరువు తూగుతుంది. ప్రిన్సిపాల్ ఒక నివేదిక, లెక్చరర్లు రెండు సిఫార్సు లేఖలు ఆన్‌లైన్‌లో పంపాలి. అదేంటో వాళ్లకు కూర్చుని చెప్పాల్సింది విద్యార్థే.

మార్కులతో పాటు కాలేజీలు చూసే శాట్ పరీక్ష ఇప్పుడు కంప్యూటర్ మీదే: 2 గంటల 14 నిమిషాలు, 98 ప్రశ్నలు, 1600 మార్కులు, ఫీజు సుమారు 110 డాలర్లు. లెక్కల్లోని 44 ప్రశ్నలు మన ఎంపీసీ పిల్లలకు నల్లేరు మీద నడక. ఇంగ్లిష్‌లోని 54 మీద కష్టపడాలి. పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో, శాట్‌లో పేరు ఒకేలా ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే పరీక్షా కేంద్రం గేటు దగ్గరే పేచీ.

కన్సల్టెన్సీల గురించి ఒక్క మాట. ‘పైసా తీసుకోం’ అనేవాళ్లకు డబ్బిచ్చేది యూనివర్సిటీ, చేర్పించిన తలకింత అని. పైన చెప్పిన పూర్తి సాయం కాలేజీలు ఆ కమిషన్ ఇవ్వవు, కాబట్టి వాళ్ల జాబితాలో అవి ఉండవు. ఎక్కడ చేర్పిస్తున్నారో చూసుకోకపోతే ముప్పే. 2011లో మూతపడ్డ కాలిఫోర్నియా ట్రై-వ్యాలీ యూనివర్సిటీలో చిక్కుకున్న దాదాపు 1,500 మందిలో ఎక్కువమంది తెలుగువాళ్లే. మిచిగన్‌లో అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో 2019లో మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. సలహా కావాలంటే వేరే చోటుంది. హైదరాబాద్‌లోని ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ కేంద్రం అమెరికా విదేశాంగ శాఖ తరఫున నడిచేది. అక్కడ సలహాకు డబ్బు తీసుకోరు.

సీటు వచ్చాక విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే ‘సెవిస్’ రుసుము 350 డాలర్లు, వీసా రుసుము 185. హైదరాబాద్ కాన్సులేట్ 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. ప్రపంచం మొత్తం మీద 2023–24లో వచ్చిన ఎఫ్-1 (విద్యార్థి వీసా) దరఖాస్తులు దాదాపు 6.79 లక్షలైతే 2.79 లక్షలు తిరస్కరించారు. అంటే 41 శాతం. 2025 మే చివర ఇంటర్వ్యూ స్లాట్లే ఆపేసి, జూన్‌లో సోషల్ మీడియా ఖాతాల తనిఖీతో మళ్లీ తెరిచారు. సీటు చేతిలో ఉన్నా విమానం ఎక్కుతారన్న హామీ లేదు.

తేదీలు ఇలా సాగుతాయి. కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ముందస్తు గడువు నవంబర్ 1, మామూలు గడువు జనవరి మొదటివారం. అదే జనవరిలో జేఈఈ మెయిన్ ఉంటుంది. మార్చిలో ఇంటర్ పరీక్షలు రాస్తుండగానే ఫలితాల ఈమెయిళ్లు మొదలవుతాయి. వస్తానని మే 1లోగా చెప్పాలి. ఈఏపీసెట్ మామూలుగా మేలోనే. దాని ఫారం కూడా నింపి, ఆ పరీక్షా రాయాలి. వీసా తేలేసరికి జులై రావచ్చు, నంద్యాల ఇంజనీరింగ్ కాలేజీ సీటు అప్పటిదాకా ఖాళీగా ఉండదు.