సూరత్ నవరాత్రులు: ఢోలుకు తాడు బిగిస్తే చాలు, డప్పుకు మాత్రం మంట ఎందుకు?

దసరా నవరాత్రుల్లో సూరత్ నగరమంతా గర్బా ఢోలుతో మార్మోగుతుంది. అవే రోజుల్లో, లింబాయత్ లాంటి తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో బతుకమ్మ కూడా ఆడతారు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు అది ఊరిని గుర్తుచేసే పండగ. బతుకమ్మను సాగనంపేటప్పుడు డప్పు మోగితేనే ఆ సందడి వేరు.

అయితే, ఈ రెండు వాద్యాలనూ సిద్ధం చేసే పద్ధతి ఒకటి కాదు. ఢోలు మెత్తబడితే తాళ్లో, బోల్టులో బిగిస్తారు. తోలు డప్పుకు ఆ అవకాశం లేదు. ఎండు గడ్డో, కాగితాలో అంటించి, ఆ సెగకు డప్పును తిప్పుతూ కాచాల్సిందే. కాచకపోతే 'కణకణ' మనాల్సింది 'బదబద' మంటుంది.

తోలు ఎంత బిగువుగా ఉందన్నదే ఇక్కడ అసలు విషయం. బిగువు రెట్టింపయితే శ్రుతి రెండింతలు కాదు, సుమారు 1.4 రెట్లు పెరుగుతుంది. తోలు బరువు పెరిగితే శ్రుతి తగ్గుతుంది. అదే తోలు, అదే బిగువుతో వాద్యం వెడల్పు రెట్టింపు చేస్తే శ్రుతి సగానికి పడిపోతుంది. వెడల్పు తయారైన రోజే ఖరారైపోతుంది. బిగువు, బరువు మాత్రం గాలిలో తేమను బట్టి రోజూ మారుతుంటాయి.

సూరత్ తాపీ నది ఒడ్డున, అరేబియా సముద్రానికి దగ్గరగా ఉంది. నవరాత్రులు వచ్చేది వానాకాలం వెళ్లీవెళ్లని రోజుల్లో. తోలు గాలిలోని తేమను పీల్చి సాగుతుంది, బరువెక్కుతుంది. రెండూ శ్రుతిని కిందికే లాగుతాయి. మంట సెగకు ఆ నీరు ఆవిరై తోలు ముడుచుకుంటుంది, తేలికపడుతుంది. అంటే డప్పును కాచడం ఆచారం మాత్రమే కాదు, శ్రుతి చేయడమే. అయితే ఆ శ్రుతి ఎక్కువసేపు నిలవదు. ఊరేగింపు మధ్యలో మళ్లీ మంట వేసుకోవాలి. సెగ ఎక్కువైతే తోలు పగిలే ప్రమాదమూ ఉంది. ఎప్పుడు ఆపాలో చెప్పే మీటరేమీ ఉండదు, వాయించేవాళ్ల చెవే చెప్పాలి.

తోలు ఒకటే చాలదు

ఢోలు గుండెల్లో మోగినట్టు ఉంటుంది, డప్పు చెవిలో పేలినట్టు ఉంటుంది. ఈ తేడా వాటి ఆకారంలోనే ఉంది. ఢోలుకు రెండు వైపులా మూత. లోపల చిక్కుకున్న గాలి ఒక వైపు కదలికను రెండో వైపుకు చేరుస్తుంది, గంభీరమైన ధ్వని నిలబడుతుంది. డప్పుకు ఒకవైపే తోలు, వెనక ఖాళీ. తోలు ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పలుచనవుతుంది. చెక్క చట్రం లోతు తక్కువ కాబట్టి, మంద్ర ధ్వనుల విషయంలో ఈ రెండూ చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పదునైన ధ్వనులే మిగిలి దూరం వెళ్తాయి. ఊళ్లో చాటింపునకు డప్పు ఎందుకు పనికొచ్చిందో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

ఎక్కడ కొడుతున్నారు, దేనితో కొడుతున్నారు అన్నదీ ముఖ్యమే. కుడిచేతిలోని లావుపాటి సిర్ర మధ్యభాగానికి దగ్గరగా పడితే ధ్వని బరువుగా ఉంటుంది. ఎడమచేతిలోని సన్నటి సిటికెన పుల్ల అంచున తగిలితే పై స్థాయి కంపనాలే ఎక్కువగా పుడతాయి. మామూలు తోలు మీద ఆ కంపనాలు 1, 1.59, 2.14 లాంటి నిష్పత్తుల్లో ఉంటాయి, అందుకే డప్పులో స్పష్టమైన స్వరం పలకదు. మృదంగం మధ్యలోని నల్లటి పూత ఆ నిష్పత్తులను పూర్ణాంకాలకు దగ్గరగా తెస్తుంది. సి.వి. రామన్ దీనిపై 1920లోనే 'నేచర్' పత్రికలో రాశారు. డప్పుకు స్వరంతో పని లేదు. దానికి కావాల్సింది పదును.

ఫైబర్ డప్పు వచ్చాక

ఇప్పుడు చాలాచోట్ల తోలు స్థానంలో 'ఫైబర్' షీట్ బిగించిన డప్పులు కనిపిస్తున్నాయి. డ్రమ్ములకు పాలిస్టర్ ఫిల్మ్ వాడకం 1950ల్లో అమెరికాలో మొదలైంది. సూరత్ మరమగ్గాలు నేసే పాలిస్టర్ దారం, ఆ ఫిల్మ్ రసాయనికంగా ఒకటే. పాలిస్టర్ చీర తొందరగా ఎందుకు ఆరుతుందో నేతన్నలకు తెలుసు, అది నీటిని దాదాపు పీల్చదు. ఈ రకం డప్పు వానలోనూ శ్రుతి తప్పకపోవడానికి కారణమూ అదే.

మంట అక్కర్లేదు, స్పానర్ చాలు. ధ్వని కూడా పెద్దదే. కానీ తోలు తన లోపలి నారల వల్ల పై స్థాయి కంపనాలను త్వరగా అణచేస్తుంది. ప్లాస్టిక్‌లో అవి ఎక్కువసేపు గణగణమంటాయి. తోలు డప్పుకు అలవాటుపడ్డ చెవికి ఇది రేకు మోతలా అనిపిస్తుంది.

తేడా ధ్వనితో ఆగదు. తోలు ఊరబెట్టి, వెంట్రుక తీసి, చట్రానికి ఎక్కించే పని తరతరాలుగా ఎక్కువగా మాదిగలు చేస్తూ వచ్చారు. కులం అంటగట్టిన అవమానం, చేతిలోని నైపుణ్యం రెండూ ఆ పనిలో కలిసే ఉన్నాయి. ఫైబర్ షీట్ ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. షీట్ పాడైతే దుకాణంలో ఇంకొకటి కొనుక్కోవచ్చు. సూరత్‌లో తోలు డప్పు పగిలితే మాత్రం, దాన్ని మళ్లీ ఎక్కించగలిగే మనిషిని వెతుక్కోవాలి.