ఇరవై ఏడేళ్లకి తెలుగు పుస్తకం పడితే లేటయినట్టేనా?

చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం, తర్వాత బీటెక్, తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇరవై ఏడేళ్లు వచ్చాక ఓ తెలుగు నవల పట్టుకుంటే పేజీ కదలదు. "మనకి చదివే ఇంట్రెస్ట్ లేదు భాయ్" అని పక్కన పెట్టేస్తాం. నాకు తెలిసిన మనోళ్లు, నల్లగొండ వాళ్లయినా పాలమూరు వాళ్లయినా, చాలామంది చెప్పేది ఇదే.

నా లెక్కలో అది ఇంట్రెస్ట్ సమస్య కాదు, స్పీడ్ సమస్య. తెలుగు చెవికి వచ్చు, కంటికి అలవాటు లేదు. అలవాటున్నవాళ్లు మాటని చూడగానే మొత్తంగా గుర్తుపడతారు. మనం అక్షరం, గుణింతం, వత్తు కూడబలుక్కుంటూ పోతాం. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాం. ఇంక మజా ఎక్కడిది? నాకు మొదటి నవల దాదాపు నలభై పేజీల దాకా నరకమే. ఆ తర్వాత ఎప్పుడో, సరిగ్గా ఎక్కడని చెప్పలేను గానీ, అక్షరాలు పోయి మనుషులు కనబడ్డారు. ఆ నలభై పేజీల లోపే చాలామంది ఆగిపోతున్నారు, అంతే.

పైగా మన దగ్గర ఇది కొత్తేం కాదు. నిజాం కాలంలో పై చదువు చాలావరకు ఉర్దూలోనే. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది కూడా ఉర్దూ మీడియంలోనే. అదే ఏడాది నల్లగొండలో తెలుగు గ్రంథాలయం వెలిసింది. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు అక్కడి నుంచే నీలగిరి పత్రిక తెచ్చారు. 1926లో పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక పెట్టారు. అంటే తెలుగు చదవాలంటే బడి బయటే చదవాలి. అప్పుడు ఉర్దూ, ఇప్పుడు ఇంగ్లిష్. రూట్ మాత్రం మారలేదు.

వీళ్లందరిలో నాకు బాగా నచ్చిన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టారు. పేదరికం. ఓ ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నారు. హోటల్లో సర్వర్‌గా చేశారు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. డిగ్రీ గిగ్రీ ఏం లేదు. 1938లో, అంటే ఇరవై మూడేళ్లకి, సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ముప్పైకి పైగా పుస్తకాలు అచ్చేశారు. అచ్చేసి షాపులో కూర్చోలేదు, ఊరూరా తిరిగి తనే మోసుకెళ్లి అమ్మారు. మనకి యాప్‌లో ఒక్క నొక్కుతో పుస్తకం ఇంటికొస్తుంది, అయినా తెరవం! తర్వాత నిజామాబాద్ జైల్లో దాశరథితో కలిసి ఉన్నారు. దాశరథి తన 'అగ్నిధార'ను ఈయనకే అంకితమిచ్చారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'నే చెప్తా. దొర, ఊరు, వెట్టి, అంతా మన తాతల కాలం తెలంగాణే, కాబట్టి సగం ముందే తెలిసినట్టుంటది. మొదటి కొన్ని రోజులు పైకి చదవండి. కన్ను తడబడ్డ చోట చెవి అందుకుంటది. రోజుకి పది నిమిషాలు, ఫోన్ వేరే రూంలో. అర్థం కాని మాట దగ్గర ఆగకండి, ముందుకెళ్తే అదే తెలుస్తుంది. అది అయ్యాక 'గంగు' పట్టుకోండి. 1961లో ఆయన చనిపోవడంతో ఆ నవల మధ్యలోనే ఆగిపోయింది. మిగిలింది మీరే ఊహించుకోవాలి.